లెక్కకు రాని చేతులు

ఆటోనగర్‌లో పని పోయిన మెకానిక్ మరునాటి నుంచే నిరుద్యోగి. బంధువులు, ఇరుగుపొరుగు, నమాజు తరువాత మసీదు బయట కలిసేవారు అతని కోసం తలా ఒకచోట వాకబు చేస్తారు. ఆ వారంలోనే అతని భార్య కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ఆమెను కార్మికురాలని ఎవరూ అనరు. ఆ కుట్టుపని కూడా ఆగిపోతే నిరుద్యోగి అని అసలే అనరు. "ఇంట్లోనే ఉంటుంది" అంటారు, అంతే.

మచిలీపట్నంలోనూ ఇదే తీరు. చిలకలపూడి పేరుతో ఊరూరా అమ్ముడయ్యే రోల్డ్‌గోల్డ్ నగల వెనుక, ఇంటి గడప దాటకుండా గొలుసులు అతికి, రాళ్లు పొదిగే స్త్రీల శ్రమ ఉంది. కూలి నగల లెక్కన వస్తుంది. గిరాకీ తగ్గితే సరుకు తెచ్చే మనిషి రావడం మానేస్తాడు. తొలగించినట్టు కాగితం ఉండదు, పరిహారం ఉండదు. నిరుద్యోగం మగవాడిని వీధిలో నిలబెడితే, స్త్రీని లెక్కల్లోంచే తుడిచేస్తుంది.

ముస్లిం స్త్రీల శ్రామిక భాగస్వామ్యం తక్కువనీ, పనిచేసే వారిలో ఎక్కువమంది ఇంటి దగ్గరే పనిచేస్తున్నారనీ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మొదటి మాటను మాత్రమే పట్టుకుని "మీ ఆడవాళ్లను పనికి పంపరు కదా" అని మనకు హితబోధ చేసేవారు రెండో మాట చదవరు. పరదాను నిందించడం సులువు. కూలి రేటు గురించి అడగడం కష్టం.

అయితే తప్పంతా బయటివారిది కాదు. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే నిర్వచనం ప్రకారం, ఏడాదిలో కనీసం 30 రోజులు సంపాదన పని చేసిన మనిషిని అనుబంధ హోదాలోనైనా శ్రామికురాలిగా లెక్కించాలి. పని లేకపోయినా, ఇస్తే చేయడానికి సిద్ధమని చెబితే నిరుద్యోగిగా రాసుకోవాలి. సర్వేకు వచ్చినవారికి గుమ్మంలో సమాధానం చెప్పేది ఎవరు? తండ్రి, భర్త, కొడుకు. "ఇంటి పనే" అనేస్తారు. హజ్రత్ ఖదీజా (రజి.) వ్యాపారదక్షత గురించి ప్రసంగాల్లో గర్వంగా చెప్పుకునే మనమే, మన ఇంటి అద్దె కట్టిన చేతులను దాచేస్తున్నాం.

యజమాని కోసం ఇంటి వద్ద పనిచేసే వారిని 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టమే కార్మికులుగా గుర్తించింది. 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదు వారికీ వర్తిస్తుంది. కాబట్టి వించిపేట నుంచి భవానీపురం దాకా మన సంఘాలు ముందుగా చేయవలసింది సభలు కాదు. ఇంటింటికీ వెళ్లి ఆ స్త్రీలనే అడిగి నమోదు చేయించడం, నగకు, జాకెట్టుకు ఎంత కూలి ఇస్తున్నారో రాసి కార్మిక శాఖ ముందు పెట్టడం. ఈసారి సర్వే వారు తలుపు తట్టినప్పుడు ఆమెనే మాట్లాడనివ్వండి.