బియ్యం కిట్టు చేరుతుంది, తడిసిన గోడ సంగతేంటి?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. భోజనం పొట్లాలు పడవల్లో, ట్రాక్టర్లలో, డ్రోన్లలో కూడా వెళ్లాయి. నీళ్లు తీశాక బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ఇస్తామని ఏపీ ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ మంచం, పరుపు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన ఇంట్లో ఆ డబ్బు ముందు వాటికే అయిపోతుంది. ఉబ్బిన తలుపు, రాలుతున్న ప్లాస్టరింగు, షాక్ కొట్టే స్విచ్‌బోర్డు అలాగే ఉండిపోతాయి.

హైదరాబాద్ 2020 అక్టోబర్‌లో ఇదే చూసింది. అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబా నగర్ మునిగినప్పుడు కుటుంబానికి 10 వేలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతింటే 50 వేలు అన్నారు. జీహెచ్ఎంసీ ఎన్నికలు రావడంతో నవంబర్‌లో ఎన్నికల సంఘం 10 వేల పంపిణీని ఆపించింది. మొహల్లా కుర్రాళ్లు, స్వచ్ఛంద సంస్థలు రేషన్, దుప్పట్లు బాగానే పంచారు. గోడలు ఆరేలోపే చందాలు ఆగిపోయాయి. కిట్టు పంచితే ఫొటో వస్తుంది, లెక్క అదే రోజు ముగుస్తుంది. రిపేరు అలా కాదు, గోడ గీకితే ఇంకో పగులు బయటపడుతుంది!

నిజానికి మన బస్తీల్లో లేనిది డబ్బేగానీ, పనితనం కాదు. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, పెయింటర్లు, మేస్త్రీలు ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్లు రోజు కూలీ మీద బతికేవాళ్లు. వారం రోజులు ఉచితంగా చేయమనడం అన్యాయం. ఒక ఆదివారం ఖిద్మత్‌గా చేస్తారు, మిగతా రోజులకు బైతుల్ మాల్ నుంచి సగం కూలీ అయినా ఇవ్వాలి. హార్డ్‌వేర్ షాపువాళ్లు వైరు, సిమెంటు కొన్న ధరకే ఇస్తే చాలు. ఇళ్ల జాబితా మస్జిద్ కమిటీ తయారుచేయొచ్చు. అయితే బేవాల ఇళ్లు, ఒంటరి ముసలమ్మల ఇళ్లు చూసిరావడానికి ఆడవాళ్లు ఉండాలి, లేకపోతే అసలు అవసరం బయటికి రాదు. మొదట కరెంటు, తర్వాత పైకప్పు, సున్నం ఆఖరున.

చిక్కు అద్దె ఇళ్ల దగ్గర వస్తుంది. బీదవాళ్లలో చాలామంది కిరాయికి ఉండేవాళ్లే. చందా డబ్బుతో ఇల్లు బాగుచేస్తే లాభం ఓనరుకు, మూడు నెలల తర్వాత కిరాయి పెంచితే నష్టం కిరాయిదారుకు. అందుకే సామాను ఖర్చు ఓనరు పెట్టుకోవాలి, లేదా ఏడాది పాటు కిరాయి పెంచనని, ఖాళీ చేయించనని కాగితం రాసివ్వాలి. ఓనరు కూడా బీద బేవా అయితే అది వేరే మాట. ఇవ్వనంటే ఆ ఇంట్లో కరెంటు ప్రమాదం మాత్రం తప్పించి ఊరుకోవడం నయం.

జకాత్ విషయం కూడా ముందే తేల్చుకోవాలి. హనఫీ మస్లక్ ప్రకారం ఆ సొమ్ముకు హక్కుదారుణ్ణి యజమానిని చేయాలి. నేరుగా మేస్త్రీకి కూలీగా ఇచ్చేస్తే జకాత్ చెల్లదని అంటారు. డబ్బో, సామానో ఇంటివాళ్ల చేతికిచ్చి వాళ్లతోనే చేయించుకోనివ్వాలి. పొరుగున ఉన్న ముస్లిమేతర కుటుంబాలకు సదఖా ఫండ్ ఉంది. ఒకే గల్లీలో ఒక ఇంటికి వైరింగు వేసి పక్క ఇల్లు వదిలేస్తే అది ఎవరికీ బాగోదు.

ఈ పని వరదలొచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. రేకుల ఇళ్లు, కారే కప్పులు ఏవో వేసవిలోనే మొహల్లాకి తెలుసు. జూన్ వానలకు ముందే పది ఇళ్లతో మొదలుపెట్టొచ్చు.