బ్యాటరీని ఖాళీ చేసిన బుల్లి డబ్బా

బహ్రెయిన్‌లో పొద్దున్నే కారు స్టార్ట్ కాకపోతే వాచ్‌మన్ దగ్గర్నుంచి పక్క ఫ్లాట్ ఆంటీ దాకా అందరూ చెప్పే మాట ఒకటే. "బ్యాటరీ పోయుంటుంది. ఇక్కడి ఎండలకి ఏ బ్యాటరీ ఆగుతుంది చెప్పండి?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. బ్యాటరీలో జరిగేది రసాయన చర్య. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని కెమిస్ట్రీలో చదువుకున్న మోటు లెక్క ఒకటుంది. బయట 42 డిగ్రీలుంటే బోనెట్ కింద ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ వేడికి లోపలి నీరు తగ్గిపోతుంది, సీసపు పలకలు త్వరగా తినేసుకుపోతాయి. ఇండియాలో నాలుగేళ్ళు నడిచే బ్యాటరీ ఇక్కడ రెండేళ్ళకే చేతులెత్తేసినా ఎవరూ ఆశ్చర్యపోరు.

అందుకే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. పాతది తీసి కొత్తది పెడతారు, బిల్లు ఇస్తారు. మరి ఆ కొత్తది కూడా మూడు వారాలకే పడుకుంటే? పోయిన నెల గీజరులో పేరుకునే తెల్ల పొర గురించి రాశాక, కారు గురించి కూడా ఇలాగే రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. కాబట్టి ఈసారి మా కారు బ్యాటరీ కథ.

ముందు ఒక పోలిక పెట్టుకుందాం. బ్యాటరీ మన ఊళ్ళో ఇంటి మీది నీళ్ళ ట్యాంకు లాంటిది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ అనే మోటారు దాన్ని నింపుతూ ఉంటుంది. రాత్రి నిండుగా ఉన్న ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అయితే అనుమానించాల్సినవి మూడే. ట్యాంకుకి చిల్లు పడి ఉండాలి, మోటారు సరిగ్గా ఎక్కించి ఉండకూడదు, లేదా ఇంట్లో ఎక్కడో కుళాయి కారుతూ ఉండాలి. కారే కుళాయిని వదిలేసి కొత్త ట్యాంకు కొంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మాది పదేళ్ళు దాటిన జపాన్ కారు. మావారు షిఫ్టు డ్యూటీకి కంపెనీ బస్సులో వెళతారు కనుక స్కూలు, కూరగాయలు, డాక్టరు, పాప డాన్సు క్లాసు, అన్నిటికీ ఆ కారు తిప్పేది నేనే. డిసెంబరులో ఒక ఆదివారం (ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే) పొద్దున తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. పక్కవాళ్ళ కారు నుంచి కేబుళ్ళు తగిలించి స్టార్ట్ చేసి, గ్యారేజీకి తీసుకెళితే బ్యాటరీ మార్చారు. పాతదానికి రెండున్నరేళ్ళు, సరే అనుకున్నాం. మూడు వారాలకి మళ్ళీ అదే టకటక. ఈసారి మెకానిక్ కొత్త బ్యాటరీని మిషన్‌తో పరీక్షించి "బ్యాటరీ బాగుంది మేడమ్, మీరు లోపల లైటు వేసి వదిలేసి ఉంటారు" అన్నాడు. వదల్లేదని చెప్పాను. "సార్‌కి ఒకసారి ఫోన్ ఇస్తారా?" అన్నాడు.

సార్‌కి ఫోన్ ఇస్తే సార్ ఏం చెబుతారు? ఆయన ఆ కారెక్కేది శుక్రవారాలు మాత్రమే. ఆ మెకానిక్ మోసగాడేమీ కాదు. పట్టుకెళ్ళినప్పుడల్లా కారు ఆయన ముందు బుద్ధిగా స్టార్ట్ అవుతోంది, ఆయన మాత్రం ఏం చేస్తాడు? కానీ నా భయం వేరే. డిసెంబరు కాబట్టి ఇంటి కింద ఆగింది. ఇదే ఆగస్టులో, మధ్యాహ్నం రెండింటికి, నీడలేని పార్కింగులో, వెనక సీట్లో నాలుగేళ్ళ పాపతో ఆగితే? "మళ్ళీ ఆగితే చూద్దాం" అనే జవాబుతో నేను వేసవిలోకి వెళ్ళదలుచుకోలేదు.

ఎలక్ట్రికల్ షాపులో నాలుగైదు దీనార్లకి మల్టీమీటరు దొరుకుతుంది. దాంతో మూడు కొలతలు తీస్తే మొదటి రెండు అనుమానాలూ తీరిపోతాయి. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య 12.6 వోల్టులు దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కి దిగువన అంటే దాదాపు అడుగంటినట్టే. రెండో కొలత, ఎవరైనా తాళం తిప్పుతుండగా చూడాలి: 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలో బలం లేదు. మూడోది ఇంజను నడుస్తుండగా: 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ తన పని చేస్తున్నట్టు. మా కారు చార్జి అయ్యాక మూడింట్లోనూ పాసయింది. అంటే ట్యాంకు మంచిది, మోటారు మంచిది. ఇక మిగిలింది కుళాయే.

మీటరు కంటే ముందు పనికొచ్చింది వంటింట్లో మేకుకి తగిలించిన తెలుగు క్యాలెండరు. పాలు, గ్యాసు రాసుకున్నట్టే కారు మొరాయించిన రోజులు కూడా అందులో గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. నాలుగుసార్లయ్యాక చూస్తే ఒక పోలిక కనబడింది. నాలుగింటికీ ముందు రోజు మధ్యాహ్నం ఏసీ వేసుకుని తిరిగాం. డిసెంబరు, జనవరిలో ఇక్కడ ఏసీ అవసరం ఎప్పుడో గానీ పడదు కాబట్టి ఈ తేడా తెలిసింది. అదే జూన్‌లో అయితే రోజూ ఏసీయే, తేడా పట్టుకోవడం కుదిరేది కాదు.

ఇక కారే కుళాయిని కొలవడం. దీనికి మీటరుని బ్యాటరీకి అడ్డంగా కాదు, దారిలో పెట్టాలి. నెగటివ్ టెర్మినల్‌కి ఉన్న కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటరు కలిపితే కారు తాగే కరెంటంతా మీటరులోంచే పోవాలి. మీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోనే ఉండాలి. అది పెట్టి ఉండగా ఇంజను స్టార్ట్ చేయకూడదు, హెడ్‌లైట్లు వేయకూడదు, మీటరు కాలిపోతుంది. తాళం దూరంగా పెట్టి, తలుపులన్నీ మూసి, కారులోని చిన్న కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంట, ముప్పావుగంట ఆగాలి. నేను ఈలోగా పప్పు కుక్కరు పెట్టి వచ్చాను.

మంచి కారు నిద్రలో తాగేది 50 మిల్లీ ఆంపియర్ల లోపు, అంటే 0.05. మొదటిరోజు కొలిస్తే 0.03 వచ్చింది. దోషమేమీ లేదు! కానీ క్యాలెండరు గుర్తుంది కదా. మర్నాడు ఏసీ వేసుకుని రిఫా దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ కొలిచాను. 3.4 ఆంపియర్లు. మా బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా తొమ్మిది గంటలు, గంటకి 3.4 చొప్పున 30 దాటింది. మిగిలే 14 తో స్టార్టర్ మోటారు ఏం తిరుగుతుంది? లెక్క అక్కడికక్కడ సరిపోయింది.

మిగతాది ఓపిక. మీటరు చూస్తూ ఫ్యూజులు, రిలేలు ఒక్కొక్కటే పీకి చూడాలి. ఏది పీకితే అంకె పడిపోతుందో అదే దొంగ. ఫ్యూజు పెట్టె మూత లోపల ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. ఏసీ కంప్రెసర్ క్లచ్ రిలే అని రాసి ఉన్న అగ్గిపెట్టెలో సగమంత నల్ల డబ్బాని పైకి లాగగానే 3.4 కాస్తా 0.03 అయింది.

రిలే అనగానే మనకి రిలే నిరాహార దీక్షలు గుర్తొస్తాయి, ఇవాళ ఒకరు కూర్చుంటే రేపు ఇంకొకరు. అసలు ఆ పేరు వచ్చింది పాతకాలపు గుర్రాల నుంచి. దూర ప్రయాణంలో అలసిన గుర్రాన్ని విప్పి, కొత్త గుర్రాన్ని కట్టే ఏర్పాటు అది. 1835 ప్రాంతంలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ కరెంటుకి అదే పని చేశాడు. పొడుగు తీగలో ప్రయాణించి నీరసించిన కరెంటుతో ఒక విద్యుదయస్కాంతాన్ని పనిచేయించి, దాంతో ఇంకో బ్యాటరీ సర్క్యూట్‌ని కలిపాడు. కారులోనూ అంతే. ఏసీ బటన్ వైపు నుంచి వచ్చే చిన్న కరెంటు రిలేలోని కాయిల్‌ని అయస్కాంతం చేస్తుంది, అది ఇనప ముక్కని లాగుతుంది, రెండు కాంటాక్టులు కలుస్తాయి, పెద్ద కరెంటు కంప్రెసర్‌కి పారుతుంది. బటన్ ఆపితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. హైస్కూలు ల్యాబులో విద్యుత్ గంట చూసినవాళ్ళకి సగం పాఠం వచ్చేసినట్టే.

మరి మాది ఎందుకు చెడింది? కంప్రెసర్ క్లచ్ కూడా ఒక కాయిలే. కాయిల్‌లో పారుతున్న కరెంటుని హఠాత్తుగా ఆపితే అది ఊరుకోదు, కాంటాక్టులు విడిపోయే చోట చిన్న మెరుపు పుట్టిస్తుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ కంప్రెసర్ ఆగుతూ, అందుకుంటూ ఉంటుంది. ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది నెలలు ఏసీ వేసే ఊళ్ళో ఆ మెరుపులు ఎన్ని లక్షలవుతాయో. కాంటాక్టుల మొహాలు గుంటలు పడి, కరిగి, ఒక్కోసారి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతాయి. మా కారులో ఆ కాంటాక్టుకి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళంతో సంబంధం లేదు. అన్ని కార్లలో అలా ఉండదు. తాళం తీసేసినా, ఏసీ ఆపేసినా, కంప్రెసర్ క్లచ్ మాత్రం రాత్రంతా కరెంటు తాగుతూ కూర్చుంటుంది. లైటు వెలగదు, చప్పుడు రాదు. మళ్ళీ ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గరో కుదుపుకి అతుకు ఊడిపోతుంది. గ్యారేజీకి చేరేసరికి అంతా బాగే!

పీకిన రిలేని డైనింగ్ టేబుల్ మీద పెట్టి మీటరుని బీప్ మోడ్‌లో పెట్టాను. రిలే కాళ్ళ మీద నంబర్లుంటాయి. చాలావాటిలో 85, 86 కాయిల్‌వి, 30, 87 కాంటాక్టులవి. కాయిల్‌కి కరెంటు ఇవ్వనప్పుడు 30కీ 87కీ మధ్య బీప్ రాకూడదు. నాది కీచుమని మోగింది. టేబుల్ మీద రెండుసార్లు తట్టాను, మోత ఆగింది. పాపకి ఇదేదో కొత్త బొమ్మ అయింది, మళ్ళీ మోగించమని ఒకటే గొడవ.

అదే రిలేని, ఫోన్‌లో తీసిన 3.4 అంకె ఫొటోని మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన ఫొటో చూశాడు, రిలేని చెవి దగ్గర ఊపాడు, "ఎంతసేపు ఆగి కొలిచారు?" అన్నాడు. నలభై నిమిషాలన్నాను. ఇక సార్ ప్రస్తావన రాలేదు. కొత్త రిలే అయిదు దీనార్లు కూడా కాలేదు. క్లచ్ కాయిల్‌కి మెరుపుని అణిచే డయోడ్ ఉంటుందని, అది పోయి ఉంటే కొత్త రిలే కూడా త్వరగానే పోతుందని చెప్పి, దాన్ని కూడా ఆయనే పరీక్షించాడు. అది బాగానే ఉంది. అప్పటినుంచి ఇప్పటిదాకా బ్యాటరీ గొడవ లేదు.

మీరు ప్రయత్నించేటట్టయితే ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి, నల్లపూసలు లోపలికి దోపుకోండి. పాజిటివ్ టెర్మినల్‌కీ కారు బాడీకీ మధ్య బంగారు గాజు పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది, చేతితో సహా. ఊడదీసేది ఎప్పుడూ నెగటివ్ వైపే. జంపర్ కేబుళ్ళు తగిలించేటప్పుడు నల్ల కేబుల్ చివరి కొసని ఆగిన కారు బ్యాటరీకి కాకుండా కాస్త దూరంగా ఇంజను ఇనుముకి తగిలించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ రావచ్చు, అక్కడ నిప్పురవ్వ లేవకూడదు. మీది సెన్సార్లు ఎక్కువున్న కొత్త కారయితే వీటి జోలికి వెళ్ళొద్దు, గ్యారేజీలో "పార్కింగులో ఎన్ని మిల్లీ ఆంప్స్ తాగుతోంది? కొలిచి రాసివ్వండి" అని అడగండి. బ్యాటరీ అమ్మే ముందు ఆ ఒక్క అంకె ఇవ్వమనడం మన హక్కు.

జూలైలో ఊరెళ్ళేవాళ్ళకి ఇంకో లెక్క. మంచి కారైనా 0.05 చొప్పున రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 45 రోజులకి 54. మా బ్యాటరీ మొత్తమే 45. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు పది నంబరు పానాతో నెగటివ్ కేబుల్ ఊడదీసి పక్కకి పెట్టేయండి. పాత కార్లలో కొన్నిటికి రేడియో కోడ్ అడుగుతుంది, అది ముందే రాసి పెట్టుకోండి. డిక్కీ రిమోట్‌తోనే తెరుచుకునే కారయితే లోపలి సామానంతా ముందే తీసుకోండి, కేబుల్ ఊడదీశాక తెరుచుకోదు.