యంత్రం లేచింది, మాట లేవలేదు

చెడిన యంత్రాన్ని బాగుచేయవచ్చును. అందులో దాచిన మాట పోతే తిరిగి తేగలమా?

1999లో అమెరికాలో వెలువడిన ‘పామ్ ఫైవ్’ అనే అరచేతి కంప్యూటరు నా వద్ద ఒకటి ఉన్నది. నిఘంటువుల కెక్కని పల్లెపదాలను విద్యార్థులు తమ అవ్వల నోట విని తెస్తే, వాటిని అందులో వ్రాసుకొన్నాను. పిదప అది సొరుగులో మరుగుపడినది. ఏళ్లు గడచి మీట నొక్కితే తెర మీద ఏమీ కనబడలేదు.

ఇట్టి సందర్భంలో పరీక్ష బయటినుండి లోపలికి సాగవలెను. మొదట గోడ ప్లగ్గు, తరువాత అడాప్టరు, ఆపైన యంత్రాన్ని నిలిపే పీఠంలోని లోహపు మొనలు. మొనలపై మురికి పేరుకొంటే విద్యుత్తు దాటదు, పొడిగుడ్డతో తుడవవలెను. అడుగంటిన బ్యాటరీకి గంటల తరబడి వ్యవధి కావలెను. అది ఉబ్బియుంటే మాత్రం ఛార్జి చేయరాదు. నిప్పంటుకొనే ప్రమాద మున్నది. అప్పటికీ మేల్కొనకపోతే వెనుకనున్న సన్నని రంధ్రంలో మొన నొక్కి రీసెట్ చేయవలెను.

మొనలు తుడిచి, రాత్రంతా పీఠంపై ఉంచగా నా యంత్రం లేచింది. పదాలు లేవు! దాని జ్ఞాపకం విద్యుత్తు ఉన్నంతవరకే. బ్యాటరీ పూర్తిగా ఎండితే వ్రాసినదంతా చెరిగిపోతుంది. తప్పు యంత్రానిది కాదు. వేరొకచోట ప్రతి ఉంచని నాది. ఆ అవ్వలలో ఎందరు నేడున్నారు?

తాటాకును చెదలు తింటాయని ఎరిగిన మన పెద్దలు ప్రతికి ప్రతి వ్రాయించారు. విద్యార్థులారా! మరమ్మతు నేర్వండి, అంతకు ముందే ప్రతి తీయడం నేర్వండి.