దేవిడీలో బడిగంట



ఒక పెండ్లికని వనపర్తి వెళ్ళిన మేము, కొంత తీరిక దొరికితే పాత రాజభవనం చూడబోయాము. మాతో వచ్చిన మా సంఘపు పెద్దాయన ఆవరణ గేటు దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. ఇదేమని అడిగితే ఆయన నవ్వాడు. "మా నాయన ఒక దొరగారి గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచేటోడు. ఆ సంగతి నా కాళ్ళు ఇంకా మరువలేదు" అన్నాడు. అంతలో పుస్తకాలు పట్టుకొని పోతున్న ఒక విద్యార్థి, "తాతా, చెప్పులు వేసుకో, కాళ్ళు కాలుతయి" అన్నాడు.

ఆ రెండు మాటల మధ్యనే మన ప్రాంతపు చరిత్ర ఎంతో ఉంది. వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాలు నిజాముకు పేష్కష్ చెల్లిస్తూ తమ సీమలను తామే ఏలుకొనేవి. హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఏలుబడి పోయింది గాని మేడలు మిగిలాయి. వాటిని ఏం చేయాలి?

వనపర్తి భవనంలో 1959లో పాలిటెక్నిక్ వెలసింది. రాజా రామేశ్వరరావుగారి తండ్రి కృష్ణదేవరావుగారి పేరే దానికి పెట్టారు. గద్వాలలో 1924 నుండి పాలించిన రాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారి పేరిట డిగ్రీ కళాశాల వచ్చింది. అదీ పాత మట్టికోట లోపలే. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురంలో జటప్రోలు సంస్థానాధీశుల భవనం నేటికీ నిలిచి ఉంది.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన సంగతి కాదు. ఫ్రాన్సు దేశంలో పట్టణంలోని ప్రభువుల మేడను 'ఒతెల్' అంటారు. అది మన భోజన హోటలు కాదు! వీధివైపు గోడ, పెద్ద గేటు, లోపల బండ్లు తిరిగే ముంగిలి, దాని వెనుక మేడ, మేడ వెనుక తోట: ఇదీ దాని పద్ధతి. వీధి రొద లోపలికి రాదు, లోపలి సంగతి వీధికి తెలియదు. మన దేవిడీల ఆలోచన కూడా ఇంచుమించు ఇదే.

పారిస్‌లో బిరోన్ మేడ ఒకటి ఉంది. సవరాలు చేసే పనితో బ్రతుకు మొదలుపెట్టి ధనవంతుడైన ఒకాయన కొరకు 1730 ప్రాంతంలో దాన్ని కట్టారు. 1753లో అది బిరోన్ ప్రభువు చేతికి వచ్చింది. 1820లో సన్యాసినులు దానిని ఆడపిల్లల బడిగా మార్చారు. ఆడంబరం తగదని నిలువుటద్దాలను, చెక్కడపు పనిని ఊడదీయించారు. 1904లో ఆ బడి మూతపడింది. తరువాత శిల్పి రోడాన్ అక్కడ ఉండి పని చేశాడు. 1919 నుండి అది ఆయన శిల్పాల మ్యూజియం. ఆనాడు ఊడదీసిన అలంకరణల కొరకు తరువాతివారు వెదకవలసి వచ్చింది!

ఆ సన్యాసినుల ఉద్దేశం మంచిదే. బడి పెట్టడం గొప్ప పని. అయితే ఆ చెక్కడం వెనుక చేతిపనివారి చెమట ఉన్నదని వారు మరచిపోయారు. మన సంస్థానాల మేడలకూ ఇది వర్తిస్తుంది. పాత మేస్త్రీలు సున్నము, ఇసుక గానుగలో ఎద్దులచేత నూరించి, కరక్కాయ, బెల్లపు నీళ్ళు కలిపి గచ్చు చేసేవారు. అటువంటి గోడ తేమను పీల్చి తిరిగి విడిచిపెడుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడ పాడవుతుంది. పైకప్పులో మొలిచిన చిన్న రావిమొక్కను ఈ ఏడు పీకకపోతే పదేళ్ళకు దాని వేరు గోడను చీలుస్తుంది. రైతుల పన్నుతో, కూలీల కష్టంతో లేచిన గోడలను పడిపోనిస్తే, ఆ కష్టానికి మిగిలిన గురుతు కూడా పోతుంది.

మనలో రాజులెవరూ లేరు. అయినా పిల్లలు దూరదేశాలకు వెళ్ళగా తాళంపడిన నాలుగు గదుల ఇండ్లు మన ఊళ్ళలో లేవా? చదువుకొనుటకు చోటు లేని పిల్లవాడు ఆ ప్రక్క సందులోనే ఉంటాడు. సాయంకాలం ఒక్క గది తెరిచి దీపం వెలిగిస్తే మనకేమి తరుగుతుంది? ఇల్లు కట్టేటప్పుడు ఎంత పెద్దదని అడుగుతాము. ఎందరికి తలుపు తీస్తామని కూడ అడుగుదాం. ఆ తెరిచిన తలుపును చెదలు తినకుండా చూచుకొందాం.

తిరుగు దారిలో పెద్దాయన చెప్పులతోనే ఆవరణంతా నడిచాడు. గేటు దాటాక వెనుదిరిగి చూచి, "మా నాయన చూసి ఉంటే బాగుండు" అన్నాడు.