నచ్చిన పాటా, వినిపించిన పాటా?

పాటల దగ్గర ఎవరి ఇష్టం వారిదని తేలిగ్గా అనేస్తాం. ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆలోచించం. ఇంట్లో రేడియో మోగించింది, బస్సులో డ్రైవరు పెట్టింది, ఫోన్లో ఒక పాట అయిపోగానే దానంతటదే మొదలైంది విన్నాం. పదే పదే విన్నదానికే ఇష్టమని పేరు పెట్టుకున్నాం. తరచుగా ఎదురైన వాటి మీదే మనిషికి మక్కువ పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాన్స్ 1968లోనే చూపించాడు. అంటే మన అభిరుచిని మనం పెంచుకోకపోతే, ఆ పని మన తరఫున ఇంకెవరో చేసేస్తారు. తెలుగు శ్రోత పాటల్నీ పాడేవాళ్ళనీ తానే వెతుక్కోవడం అలవాటు చేసుకోవాలని నేను బలంగా నమ్ముతున్నాను.

ఇందుకు గట్టి ఆధారం ఒకటుంది. అమెరికాలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 14 వేల మందికి పైగా శ్రోతలతో ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2006లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకున్నారు. కొందరికి పాట పేరు, బ్యాండు పేరు మాత్రమే చూపించారు. మిగిలినవారిని ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా కనిపించేలా పెట్టారు. పాటలు అన్ని గుంపులకీ ఒకటే, హిట్లు మాత్రం గుంపు గుంపుకీ మారిపోయాయి. ‘52మెట్రో’ అనే బ్యాండు పాడిన ‘లాక్‌డౌన్’ పాట ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిచింది, మరో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. పక్కవాళ్ళ లెక్క చూడకుండా విన్నవారు దానికిచ్చిన స్థానం 26. చాలా మంచి పాట అట్టడుగుకు పోవడం, నాసిరకం పాట పైకి రావడం అరుదే. మధ్యలో ఉన్న పాటల భవితవ్యం మాత్రం మొదట విన్న కొద్దిమంది చేతుల్లో ఉండిపోయింది. కోట్ల వ్యూస్ చూసి పాట నొక్కే మనం కూడా ఆ గుంపుల్లో ఉన్నవాళ్ళమే.

తెలుగునాట ఈ పరిస్థితి ఇంకా బిగుసుకుంది. మనకు కొత్త పాటంటే కొత్త సినిమా పాటే. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు సినిమాతో సంబంధం లేని లలిత సంగీతాన్ని పెంచి పోషించారు. ఈ తరంలో ఎందరికి ఆ పేరు తెలుసు? దర్శనం మొగిలయ్య వెదురుకు ఎండు సొరకాయ బుర్రలు అమర్చిన 12 మెట్ల కిన్నెర మీటుతూ పాలమూరు వీరుల కథలు ఏళ్ళ తరబడి పాడారు. రాష్ట్రమంతా ఆయన గొంతు విన్నది 2021లో ‘భీమ్లా నాయక్’ పాట వచ్చాకే. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవానికి సంతోషించాల్సిందే. కానీ సినిమా తలుపు తెరిస్తే తప్ప అంతటి కళాకారుడు మన చెవిన పడలేదంటే, ఆ లోటు ఆయనది కాదు, మనది.

సినిమా పాటలో తక్కువేముందని కొందరు అడుగుతారు. తక్కువేమీ లేదు. ఇళయరాజా పాటలో బేస్ గిటార్ నడకను పట్టుకుని వినగలిగినవాడికి ఏ రాక్ బ్యాండూ పరాయిది కాదు. సినిమా పాటను మాన్పించి అభిరుచిని పెంచాలనుకుంటే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను పక్కన పెట్టేసింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు, అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’కు అతుక్కుపోయారు. చివరికి 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే సినిమా పాటలకు చోటిస్తూ వివిధ భారతిని మొదలుపెట్టాల్సి వచ్చింది. నిషేధంతో అభిరుచి పెరగదు. ఉన్నదాన్ని తీసెయ్యమని నేనడగడం లేదు, దాని పక్కన మరొకటి చేర్చమంటున్నాను.

ఆ పని యాప్‌లు చేస్తున్నాయి కదా అంటారు మరికొందరు. నిజమే, 2015లో స్పాటిఫై వారం వారం కొత్త పాటలు సూచించే జాబితా తెచ్చినప్పటి నుంచి వెతుకులాట సులువైంది. కానీ ఆ లెక్క ప్రధానంగా మనలాంటి శ్రోతలు ఏం విన్నారన్న దాని మీద నడుస్తుంది. ఇంకా ఎవరూ వినని పాట గురించి దాని దగ్గర ఉండే సమాచారం తక్కువ. పైగా పాట 30 సెకన్లు మోగితే చాలు, ఒకసారి విన్నట్టే లెక్క. తీరిగ్గా విచ్చుకునే పాటకు ఆ లెక్కలో నష్టమే. అదే బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో చనిపోయేదాకా పనిచేసిన జాన్ పీల్ ఊరూపేరూ లేని బ్యాండ్లను వెతికి వినిపించేవాడు. 1978లో ఉత్తర ఐర్లాండ్ కుర్రాళ్ళ బ్యాండు ‘ది అండర్‌టోన్స్’ పాట నచ్చి, దాన్ని వెంటవెంటనే రెండుసార్లు వేశాడు. శ్రోతలు అప్పటిదాకా ఏం విన్నారన్న లెక్క ఆయనకు అక్కర్లేదు, ఏం వినాలో చెప్పగల చెవి ఉంది. అలాంటి చెవి ఉన్న మనిషి మన చుట్టూ ఒకరైనా ఉంటారు. యాప్‌కంటే ముందు వారిని అడగాలి.

వెతకడం కష్టమేమీ కాదు. 1990లో ఢిల్లీలో పుట్టిన ‘ఇండియన్ ఓషన్’ బ్యాండునే తీసుకోండి. 2000లో వచ్చిన వారి ‘కందీసా’ ఆల్బమ్‌లో ఆ పేరుగల పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన. భాష తెలియదు కాబట్టి మొదటిసారి వింతగా ఉంటుంది. రెండోసారికి పాడుతూనే తబలా వాయించిన అసీమ్ చక్రవర్తి చేతులు, రాహుల్ రామ్ బేస్ గిటార్ విడివిడిగా వినిపిస్తాయి. మూడోసారికి ఆ పాట మనదవుతుంది. ఆ కేరళ దారిలోనే వెళితే మలయాళంలో రాక్ పాడిన ‘అవియల్’, ‘తైక్కూడం బ్రిడ్జ్’ తగులుతాయి. చెన్నై వైపు తిరిగితే అక్కడి గానా పాటను రాక్, ర్యాప్‌లతో కలిపిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ ఉంది. వారి పఱై వాద్యం మోతలో మన డప్పు బంధుత్వం వినిపిస్తుంది. ఎవరు రాశారు, ఎవరు వాయించారు అని చూసే అలవాటుంటే ఒక పాట నుంచి పది పాటలకు దారి దొరుకుతుంది.

పాట వినేది అలసట తీరడానికి, దానికింత శ్రమెందుకన్నది చివరి అభ్యంతరం. అలసిన రోజు తెలిసిన పాటే వినండి, తప్పు లేదు. కానీ ప్రతి రోజూ అదే వింటే మన చెవి ఇరవై ఏళ్ళ వయసు దగ్గరే ఆగిపోతుంది. నష్టం మనకే కాదు, పాడేవాళ్ళకు కూడా. ‘చౌరస్తా’ బ్యాండు ‘ఊరెళ్ళిపోతా మామా’తో సినిమా లేకుండానే తెలుగు జనానికి చేరింది. అలాంటి బ్యాండ్లు ఇంకా రావాలన్నా, వచ్చినవి నిలవాలన్నా వాటిని వెతుక్కుని వినే శ్రోతలుండాలి. అందుకే ఈ నెల ఒక్క బ్యాండును ఎంచుకోండి. ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు వినండి. నచ్చకపోతే వదిలెయ్యండి, ఎందుకు నచ్చలేదో మాత్రం మీకు మీరు చెప్పుకోండి. నచ్చితే టికెట్ కొని వాళ్ళ కచేరీకి వెళ్ళండి, ఇంకొకరికి వినిపించండి.