జొహరాపురాన్ని మన పిల్లలకు చెప్పుదాం

2021 మార్చిలో మా ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అది సముచితమైన గౌరవం. 1846లో కంపెనీ ప్రభుత్వంపై ఆయుధం పట్టి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఆ వీరుడు సీమవాసులందరివాడు. ఆ పేరు విన్నప్పుడల్లా మేమూ గర్విస్తాము.

అయితే అంతకు ఏడేళ్ల ముందే ఈ గడ్డపై మరొక ప్రతిఘటన జరిగింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులు పోత పోయించి, మందుగుండు నిల్వ చేశారు. ఆ కాలంలోనే నిజాం సోదరుడు ముబారిజుద్దౌలా కంపెనీపై కుట్ర పన్నారన్న అభియోగంతో గోల్కొండలో బందీ అయ్యారు. 1839 అక్టోబరులో కంపెనీ సేనలు కర్నూలుపైకి వచ్చాయి. జొహరాపురం వద్ద నవాబు పక్షాన పఠాన్లు, రోహిల్లాలు, అరబ్బులు పోరాడి నేలకొరిగారు. నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. 1840లో అక్కడే ఆయన హత్యకు గురయ్యారు. కర్నూలు కంపెనీ వశమైంది.

నవాబు పాలనలో లోపాలు లేవని మేము వాదించము. కాని లోపాల పేరిట త్యాగాన్ని కూడా కొట్టివేయడం న్యాయం కాదు.

ఉద్యోగ విరమణ అనంతరం మేము సాయంకాలాలు పిల్లలకు చదువు చెబుతున్నాము. ఒకనాడు ఈ ఇద్దరి గురించి అడిగాము. రెడ్డిగారి కథ సినిమా పుణ్యమా అని అందరికీ తెలుసు. నవాబు పేరు ఒక్కరికీ తెలియదు. ఈ తప్పు పిల్లలది కాదు, పెద్దలమైన మనది. ఎవరైనా మన దేశభక్తిని ప్రశ్నిస్తే నొచ్చుకుంటాము. జవాబు మన ఊరి మట్టిలోనే ఉన్నా బిడ్డలకు చెప్పము.

1927 డిసెంబరు 19న కాకోరి కేసులో రాంప్రసాద్ బిస్మిల్‌ను గోరఖ్‌పూర్‌లో, ఇరవై ఏడేళ్ల అష్ఫాఖుల్లా ఖాన్‌ను ఫైజాబాద్‌లో ఉరితీశారు. నేటికీ ఆ రెండు పేర్లను కలిపే స్మరిస్తారు. మన జిల్లాలో నరసింహారెడ్డి, రసూల్ ఖాన్ పేర్లను అలాగే కలిపి ఎందుకు చెప్పుకోకూడదు? ఒకరిని తలచుకుంటే మరొకరి కీర్తి తరగదు.

ఏటా అక్టోబరులో ప్రతి మసీదు కమిటీ మన పిల్లలను, ఇరుగుపొరుగు హిందూ పిల్లలను కూడా వెంటబెట్టుకొని జొహరాపురం, కోయిలకుంట్ల రెండూ చూపించాలని మా మనవి. పాఠ్యపుస్తకాల్లో ఈ చరిత్రకు చోటివ్వాలని ప్రభుత్వాన్ని కోరుదాం. అంతవరకు మన ఇళ్లే పాఠశాలలు కావాలి.