దత్తత అన్నాక రద్దు లేదు

కుక్కను "దత్తత" తీసుకోవడమేమిటి, దత్తత మనుషులకు గదా, కుక్కనైతే "పెంచుకోవడం" అంటే చాలదా అని భాషాభిమానులైన మిత్రులు కొందరు తరచుగా ఆక్షేపిస్తుంటారు. ఆంగ్లంలోని మాటను ఎత్తుకొచ్చి దత్తహోమపు పవిత్రతను కుక్కపిల్ల మెడకు కట్టారని వారి బాధ. ఈ టపాలో వారితో విభేదించదలచుకొన్నాను. ఆపైన, ఆ మాటను ధారాళంగా వాడుతున్న జంతుప్రేమికులతోనూ తగవు పెట్టుకోదలచుకొన్నాను. ఒకేమారు ఇద్దరితో తగవు ఎందుకంటే, ఆ మాట బరువెంతో ఇద్దరూ తూచి చూడలేదు కనుక.

ముందు భాషాభిమానుల సంగతి. మా మరిపెడ ప్రాంతంలో (వరంగల్ జిల్లా అని రాసుకొనే అలవాటు ఇంకా పోలేదు గాని, 2016 నుండి మాది మహబూబాబాద్ జిల్లా) "సాదుకొనుట" అని ఒక క్రియ ఉంది. పిల్లలు లేని ఇల్లాలు "అక్కబిడ్డను సాదుకున్నది" అంటారు. ఆ పక్కింటివారు "రెండు కుక్కలను సాదుతున్నరు" అంటారు. అదే క్రియ, అదే గౌరవం. పిల్లకూ కుక్కపిల్లకూ ఒకే మాట వాడినందుకు మా తండాలలో గాని, గొల్లవాడలో గాని ఎవరి మర్యాదా మంట గలిసినట్లు నేను వినలేదు. కనుక కుక్కకు దత్తత అనే మాట ఎక్కువైపోయిందని అనేవారు ముందు మన పల్లె నోళ్ళను సరిచేయవలసి ఉంటుంది. అది వారివల్ల అయ్యే పని కాదు.

ఇక ఆ మాట బరువు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లో వచ్చింది. అందులో 15వ సెక్షను ఒకటుంది. చెల్లుబాటయ్యే విధంగా జరిగిన దత్తతను తీసుకొన్న తల్లిదండ్రులు గాని మరెవరు గాని రద్దు చేయడానికి వీల్లేదని దాని సారాంశం. పిల్లవాడు అల్లరివాడని, ఊరు మారవలసి వచ్చిందని, సొంతబిడ్డ పుట్టాడని వెనక్కి ఇచ్చివేయడం కుదరదు. ఈ చట్టం కుక్కలకు వర్తించదని నాకు తెలియక కాదు. మాటను అరువు తెచ్చుకొన్నవారు దాని షరతును మాత్రం అంగట్లోనే వదిలేసి వచ్చారని చెప్పడానికి ఇది ఎత్తుకొన్నాను.

విషయానికి వస్తాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఈమధ్య ఒక కోర్గీని దత్తత కోరుతూ దరఖాస్తు పెట్టుకొన్నాడు. రెండేళ్ళ మగకుక్క. దానిని కొని పెంచిన దంపతులు విదేశానికి పోతున్నారు, కనుక "మంచి ఇల్లు" కావాలట. మధ్యవర్తిగా ఉన్న స్వచ్ఛంద సంస్థ నాలుగు పుటల పత్రం పంపింది. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే యజమాని ఒప్పుకొన్నట్లు కాగితం ఉందా? రోజుకు ఎన్ని గంటలు కుక్క ఒంటరిగా ఉండవలసి వస్తుంది? ఇంతకుముందు పెంచిన జంతువులు ఏమైనాయి? ఇట్లా సాగుతుంది. చివరి పుటలో "మీరు ఊరు విడిచి వెళ్ళవలసి వస్తే బాధ్యత ఎవరిది?" అని ఒక గడి. అందులో మావాడు నా పేరు, మరిపెడ చిరునామా రాసి, కింద సంతకం పెట్టమని పంపించాడు.

"పిల్లనిచ్చేటప్పుడు గూడ ఇన్ని అడగరు మామా" అని నవ్వాడు ఫోనులో.

అడగకపోవడం పిల్లనిచ్చేవారి తప్పు. పత్రంలో తప్పేమీ లేదు. నన్నడిగితే ఆ సంస్థవారు మరో రెండు ప్రశ్నలు చేర్చి ఉండవలసింది. కుక్క చావుదాకా, అంటే మరో పది పన్నెండేళ్ళు, మీ జీవితం ఎక్కడ ఉంటుందని మీరు అనుకొంటున్నారు? వేసవిలో కరెంటు పోతే ఏం చేస్తారు?

ఈ రెండవ ప్రశ్న వేళాకోళానికి అన్నది కాదు. కోర్గీ అంటే ఏమిటో తెలిస్తే అర్థమవుతుంది. అది వేల్సు దేశపు పశువుల కాపరి. వాళ్ళ భాషలో కోర్ అంటే పొట్టి, కి అంటే కుక్క. రెండూ కలిసి పొట్టికుక్క. పశువుల మడమలను చిన్నగా కొరుకుతూ మందను తోలడం దాని వృత్తి. కాళ్ళు పొట్టివి గనుక ఆవు వెనక్కి తన్నినా దెబ్బ తలమీదుగా పోతుంది. పెంబ్రోక్, కార్డిగన్ అని రెండు తెగలు. 1934లో వాటిని వేర్వేరు జాతులుగా గుర్తించారు. అంతకు ఒక సంవత్సరం ముందు, 1933లో, డూకీ అనే పెంబ్రోక్ కుక్క తరువాతి కాలంలో ఆరవ జార్జి అయిన యార్కు డ్యూకు ఇంటికి చేరింది. 1944లో పద్దెనిమిదవ పుట్టినరోజుకు ఎలిజబెత్‌కు సూసన్ అనే కోర్గీని ఇచ్చారు. 2022లో ఆమె చనిపోయేనాటికీ ఆ ఇంట కోర్గీలు ఉన్నాయి. కుక్కను సింహాసనం మీద కూర్చోబెట్టే పద్యం చిన్నప్పుడు అందరం వల్లించినదే. పద్యం రాసినవాడు దీనిని చూస్తే ఏమనేవాడో!

రాచకుక్క అయినా దానికి రెండు పొరల బొచ్చు పోలేదు. లోపలి పొర వేల్సు చలికీ వానకూ పుట్టినది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని ప్రధాన సాధనం. మే నెలలో మరిపెడలో ఎండ 44 డిగ్రీలు తాకుతుంది. ఆ పొట్టి కాళ్ళు కూడ ఊరికే రాలేదు. ఎముక పొడవు పెరగనివ్వని ఒక జన్యు మార్పు వల్ల వచ్చాయని 2009లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పొట్టి కాళ్ళమీద పొడుగు నడుము గల జాతులకు వెన్ను డిస్కు జారే ప్రమాదం వెన్నంటి ఉంటుంది. మా వైపు పశువైద్యులు గొడ్డుకూ గొర్రెకూ వైద్యం చేయడంలో ఆరితేరినవారే గాని, డిస్కు జారిన కుక్కకు స్కాను తీయించాలంటే హైదరాబాదు పోవలసిందే. మావాడు గడిలో నింపిన "మరిపెడ" అనే నాలుగక్షరాలకు అర్థం ఇది.

మరి ఈ జంతువు హైదరాబాదు అపార్టుమెంటుకు ఎట్లా వచ్చింది? వ్యాపారం కోసం విదేశాలనుండి కుక్కలను దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రప్రభుత్వం 2016 ఏప్రిల్లోనే ఆపివేసింది. ఇక్కడే ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని, తల్లికి ఏడాదిలో ఒక ఈతకు మించి కూడదని 2017 నియమాలు చెబుతున్నాయి. కోర్గీపిల్లకు లక్షకు పైగా పోసేవారిలో ఎందరు అమ్మేవాడి నమోదుపత్రం చూపమని అడుగుతున్నారు? అదే బజారులో చీర కొంటే పట్టో కాదో చూడటానికి పోగు కాల్చి చూస్తాం.

విదేశం పోతున్న దంపతులమీద నాకు కోపం ఉంది. దాచుకోను. "తీసుకుపోవడం కుదరదండీ" అన్నారట. ఎందుకు కుదరదు? వారు పోతున్నది అమెరికాకు. 2024 ఆగస్టు ఒకటి నుండి అక్కడి నియమాలు కఠినమైన మాట నిజమే: రేబిస్ బెడద ఎక్కువున్న దేశాల జాబితాలో మనది ఉంది గనుక, కుక్కకు ఆరు నెలలు నిండాలి, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా వేయించాలి, నెత్తురు పరీక్ష ఫలితం చూపాలి, లేదా అక్కడ దిగాక 28 రోజులు విడిగా ఉంచాలి, నిర్ణయించిన విమానాశ్రయంలోనే దిగాలి. కష్టమే, ఖర్చే. అయితే వీసాకోసం పదో తరగతి మార్కుల జాబితా మొదలు పెళ్ళిఫొటోల దాకా దొంతరలు పెట్టినవారికి ఈ నాలుగు కాగితాలు కొండలా కనిపించాయంటే నమ్మను. కుదరదు అనే మాటకు అక్కర లేదు అని అర్థం చెప్పుకొంటున్నాను. దత్తతలు రద్దవుతున్నది ఇక్కడే. రద్దు చేసినవారే మళ్ళీ "దత్తతకు" అని ప్రకటన ఇస్తున్నారు.

ఇంతవరకు చదివి "అసలు కుక్కల గోలేమిటి, పిల్లలను పీక్కుతింటుంటే" అనేవారు ఉంటారు. వారి కోపం ఉత్తది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చంపాయి. అదే ఏడు మే నెలలో మా వరంగల్ పక్కనే కాజీపేటలో మరో బాలుడు పోయాడు. ఆ తల్లుల ముందు జంతుప్రేమ ఉపన్యాసం ఇవ్వగలిగిన ధైర్యం నాకు లేదు. కాని దానికి జవాబుగా కొందరు చేసినదేమిటి? 2026 జనవరిలో హనుమకొండ జిల్లా పల్లెలలో వందలకొద్దీ కుక్కలను విషమిచ్చి చంపారని పోలీసు కేసులు నమోదైనాయి. చంపిన చోటికి పక్క ఊరి కుక్కలు, టీకా పడనివి, నడిచి వస్తాయి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70కి టీకా పడితే వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. టీకా వేయించాలంటే ప్రతి కుక్క వెనుకా ఒక మనిషి నిలబడాలి. వీధికుక్కకు ఆ మనిషి లేడు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, ఢిల్లీ వీధికుక్కల వ్యవహారంలో తన మునుపటి ఆజ్ఞను సవరిస్తూ, ఒక మాట అన్నది. వీధికుక్కలను దత్తత తీసుకోదలచిన జంతుప్రేమికులు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీసుకొన్న కుక్క మళ్ళీ వీధిన పడకుండా చూడవలసిన బాధ్యత వారిదే. ఆ రెండవ ముక్క చూశారా? అదే నేను చెబుతున్న 15వ సెక్షను. అంతకు అయిదు రోజుల ముందే హైదరాబాదు మహానగర పాలక సంస్థ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తతకు మేళా పెట్టింది. ఒక్క పైసా రుసుము లేదు. మావాడికి ఆ సంగతి తెలుసు. "గవి ఊరకుక్కలు గద మామా" అన్నాడు.

ఊరకుక్కే. మన ఎండకు వేల యేళ్ళుగా కాగి కుదిరిన ఒళ్ళు దానిది. పశువులను కాసే జాతే కావాలంటే అదీ మనకు లేకపోలేదు. కొల్లేటి ప్రాంతంలో జోనంగి అని ఒక కుక్క ఉంది. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నొసలు. మొరగడం కన్నా ఒక విధమైన కూత పెట్టడం దాని అలవాటు. బాతుల మందలను కాసేది. చేపల చెరువులు పెరిగాక దాని పని పోయింది, పనితో పాటు సంఖ్యా తగ్గింది. పొట్టికుక్క పని కూడ వేల్సులో తగ్గినదే, కాని దానిని సాదుకోవడానికి ఒక రాజకుటుంబం దొరికింది. జోనంగికి ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. ఆ వేల్సు కాపరి చేసిన పనిని మా ఊరి గొర్రెలకాపరి వెంట ఇప్పటికీ చేస్తున్న కుక్కకు జాతి పేరైనా లేదు.

ఆ పత్రం మీద నేను సంతకం పెట్టలేదు. ఆ గడిలో నా పేరు కొట్టివేసి, "ఈ చిరునామాలో ఈ జాతి కుక్క వేసవి దాటదు" అని రాసి తిప్పి పంపాను. అక్కకు కోపం వచ్చింది. "ఒక్క సంతకానికి గింత రాద్ధాంతమా తమ్ముడూ" అన్నది. మేనల్లుడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడవనాడు ఫోను చేసి, ఊరకుక్కపిల్లనైతే ఆ గడిలో నా పేరు ఉంచుకోవచ్చునా అని అడిగాడు. ఉంచుకోమన్నాను. టీకా తేదీలు రాసిన కార్డు నకలు ఒకటి నాకు పంపాలని, వాడు ఏ దేశం పోయినా సరే కుక్క ఖర్చు నెలనెలా మరిపెడకు రావాలని చెప్పాను. కోడలు మాత్రం తెల్లది కావాలంటున్నదట.